దిండు ఎక్కడుంటే అదే ఇల్లు

ఆగస్టు 4, సోమవారం

ఈ ఇంట్లో అబద్ధం ఆడం. అమ్మ స్వయంగా కుట్టి, ఫ్రేమ్ కట్టించి, వంటింటి గోడకి తగిలించిన మాట ఇది. ఈ సాయంత్రం సరిగ్గా దాని కిందే కూర్చుని మావాళ్లు అబద్ధం ఆడకుండా మోసం చేయడం ఎలాగో నేర్చుకున్నారు. నేర్పినవాడు హాడన్ హైస్కూల్ ఫుట్‌బాల్ కోచ్ హస్కిన్స్. శ్రద్ధగా విన్నవాళ్లు అమ్మ, నాన్న, తమ్ముడు గిడియన్. అందరికీ పీచ్ పండ్లు పెట్టి కాల్చిన పై కోసి పెట్టింది నేను.

పన్నెండేళ్లుగా అమ్మ చెప్పేది ఒకటే. సర్కారు బడి మురికి గుంట, అందులో కాలు పెట్టినవాడు కడుక్కున్నా శుభ్రపడడు. అందుకే నేనూ గిడియనూ అక్షరాల నుంచి ఆల్జీబ్రా దాకా ఈ వంటింటి బల్ల దగ్గరే చదువుకున్నాం. హోమ్‌స్కూల్. ఆ మురికి గుంట కోచ్ ఈ రోజు మా బల్ల దగ్గర కూర్చుని రెండో ముక్క పై అడిగి మరీ తిన్నాడు. అమ్మ మూడోది కూడా వేయమంది.

సంగతేమిటంటే గిడియన్ బంతి విసురుతాడు. మా ఫుట్‌బాల్‌లో బంతిని కాలితో తన్నడం కన్నా చేత్తో విసరడమే ఎక్కువ. హోమ్‌స్కూల్ పిల్లల లీగ్‌లో వాడు విసరడం ఎవడో చూసి హస్కిన్స్‌కి చెప్పాడు. ఇంట్లో చదువుకునే పిల్లలు కూడా తమ ప్రాంతపు బడి జట్టులో ఆడొచ్చు, దానికి చట్టం అడ్డు చెప్పదు. కాని మా ఇల్లు టర్లీ స్కూల్ డిస్ట్రిక్ట్‌లో ఉంది. టర్లీ జట్టుని చూస్తే వాళ్ల అమ్మలకే జాలేస్తుంది. హాడన్ తరఫున ఆడాలంటే రెండు డిస్ట్రిక్టుల సూపరింటెండెంట్లూ ఒప్పుకోవాలి, టర్లీ ఆయన చచ్చినా ఒప్పుకోనన్నాడు. లేదంటే ఏడాది ఖాళీగా కూర్చోవాలి. లేదంటే కుటుంబమంతా హాడన్‌కి ఇల్లు మారాలి.

మా ఇంటి ముందు రోడ్డే సరిహద్దు. ఇటు టర్లీ, అటు హాడన్. అటుపక్క సోయాబీన్ చేను చివర మాకో ముక్క నేల ఉంది. మీ పాత క్యాంపర్‌ని, ఆ చక్రాల ఇంటిని, అక్కడికి లాగి పెట్టండి, అందులో పడుకోండి, అంతే అన్నాడు హస్కిన్స్. పగలంతా మీ ఇంట్లోనే ఉండండి, వండుకోండి, తినండి, ఎవడు అడుగుతాడు? రాత్రి మీ దిండు ఎక్కడుంటే అదే మీ ఇల్లమ్మా, చట్టం చూసేది దిండునే అన్నాడు.

అమ్మ, నిజంగా పడుకుంటే అది అబద్ధం కాదు కదా అంది.

నాకు తర్కం నేర్పింది ఈవిడే.

ఆగస్టు 6

అడిగేశాను. హాడన్‌లో డిబేట్ టీమ్ ఉంది. టర్లీలో లేదు. రెండేళ్ల కిందట అడిగితే మురికి గుంట ఉపన్యాసం విన్నాను. ఇప్పుడు మన దిండ్లు హాడన్‌లోనే కదా, నేను చేరొచ్చా అన్నాను. నాకు పదిహేడు, ఇదే ఆఖరి ఏడాది, మళ్లీ అవకాశం రాదు అని కూడా అన్నాను.

అమ్మ గిన్నె తోముతూనే, ఒకణ్ణి పంపడమే ఎక్కువ, ఇద్దరినా అంది. వాడికి దేవుడు ఆ చేయి ఇచ్చాడు తిర్జా, దేవుడిచ్చింది దాచుకోకూడదు అంది.

మరి నాకు ఈ నోరు ఎవరిచ్చారు అన్నాను.

నాన్న పేపర్ వెనక నవ్వాడు. అమ్మ నవ్వలేదు. నీ నోటికి ఈ ఇల్లే చాలట్లేదు, ఇంకా ఊరి మీదికి కూడా వదలాలా అంది.

ఆగస్టు 9, శనివారం

మకాం మార్చాం. నాలుగు దిండ్లు, నాలుగు దుప్పట్లు, అమ్మ బైబిల్. ఇదీ మా ఇల్లు మారడం. నాన్న ట్రక్కుతో క్యాంపర్ లాగాడు, గిడియన్ వెనక నడుస్తూ సైగలు చేశాడు. క్యాంపర్‌లో ఎలుకల కంపు, తడిసిన కార్పెట్ కంపు, తాతయ్య చేపలకి వెళ్లే కాలం నాటి ఇంకేదో కంపు. నలుగురం పడుకుంటే ఒకరు పక్కకి ఒత్తిగిలాలంటే మిగతా ముగ్గురి పర్మిషన్ కావాలి. హస్కిన్స్ చెప్పాడని అమ్మ కిటికీలకి పసుపు పువ్వుల కర్టెన్లు కట్టింది. మేం ఇక్కడే ఉంటున్నట్టు కనపడాలట.

అమ్మా, కనపడాలి అన్నావు, ఉండాలి అనలేదు అన్నాను.

నోరు మూసుకుని పడుకో అంది.

ఆగస్టు 12

నాన్న సాక్సులు. అంతే. ఇంకేమీ రాయను.

ఆగస్టు 21, పొద్దున్న 7

పొద్దున్నే నలుగురం చెప్పులీడ్చుకుంటూ రోడ్డు దాటి మా సొంత ఇంటికి వెళ్తాం. మళ్లీ రాత్రికి దాటి వస్తాం. టర్లీ వాళ్ల ట్రక్కులు పోతూ పోతూ హారన్ కొడుతున్నాయి. ఒకడు అద్దం దించి, ఏం మిసెస్ మాబ్రీ, కొత్త బంగ్లా ఎలా ఉంది అని అరిచాడు. అమ్మ చెయ్యి ఊపింది. మర్యాద మాత్రం ఎక్కడా తప్పదు.

క్యాంపర్ టాయిలెట్ కింద ట్యాంక్ ఉంటుంది. నిండితే తీసుకెళ్లి ఖాళీ చేసుకురావాలి. నాన్న గిడియన్ వంతు అంటాడు. గిడియన్‌కి ప్రాక్టీస్ ఉంది, నాన్న వంతే అంటుంది అమ్మ. నేను ఆ టాయిలెట్ మానేసి ఇంటికెళ్లి వస్తున్నాను. మిగతా ముగ్గురూ ఏం తింటున్నారో నాకు తెలుసు కాబట్టి ఆ ట్యాంక్ గురించి ఆలోచించడం కూడా మానేశాను.

ఆగస్టు 29, శుక్రవారం

మొదటి మ్యాచ్. హాడన్ రంగు ఊదా. అమ్మ ఊదా టీషర్ట్ కొనుక్కుంది, వీపు మీద పెద్దక్షరాలతో మాబ్రీ. మెడ కనపడే జాకెట్టు వేసుకోనివ్వని మా అమ్మ, స్టాండ్స్‌లో ముఖానికి రెండు ఊదా గీతలు కూడా పెట్టుకుని, కొట్టరా నా బంగారం అని గొంతు చించుకుంది. పక్కనున్న ఆడవాళ్లు నాచోస్ అందిస్తే తీసుకుని తింది. మురికి గుంటలో ఇంత రుచి ఉందని నాకు ముందే చెప్పి ఉండొచ్చు.

గిడియన్ బాగా విసిరాడు. అది మాత్రం నిజం. గెలిచారు.

సెప్టెంబర్ 3

గిడియన్‌ని ప్రాక్టీసుకి దింపడం నా పని. వాడు ఆడేంత సేపూ ట్రక్కులో కూర్చోవాలి. ఈ రోజు ఎండకి తాళలేక నీళ్ల కోసం బడి లోపలికి వెళ్లాను. హాల్ చివరి గదిలో వాదన వినపడింది. తలుపు తెరిచే ఉంది. ఒక పిల్లాడు, ఒక పిల్ల, ఎదురెదురుగా నిలబడి, పశువుల పెంటకి పన్ను వేయాలా వద్దా అని. నేను తలుపు దగ్గరే నిలబడిపోయాను. చేతిలో గ్లాసు అలాగే ఉంది.

అయిపోయాక మేడమ్ ఒకావిడ నా వైపు తిరిగి, నీకు ఎవరు గెలిచారనిపించింది అన్నారు. ఇద్దరూ ఓడిపోయారన్నాను. ఆ పిల్లాడు లెక్కలు చెప్పి కారణాలు చెప్పడం మర్చిపోయాడు, ఈ అమ్మాయి అతను అనని మాటకి జవాబు చెప్పింది అన్నాను. ఇద్దరూ నా వైపు తిరిగారు. చచ్చాననుకున్నాను. ఆవిడ కుర్చీ లాగి, ఇలా కూర్చో, ఏ బడి నీది అన్నారు. ఇంట్లోనేనన్నాను. ఎక్కడుంటావు అన్నారు. రోడ్డుకి ఇటుపక్క క్యాంపర్‌లో అన్నాను. అయితే మా డిస్ట్రిక్టే, చేరిపో అన్నారు.

మిసెస్ టిలరీ ఆవిడ పేరు. అసలు పోటీలు నవంబర్‌లో మొదలవుతాయట. అప్పటిదాకా ఊరికే వచ్చి కూర్చోవచ్చట.

గిడియన్ ప్రాక్టీస్ ఎంతసేపు సాగితే అంత మంచిదనిపించింది జీవితంలో మొదటిసారి.

సెప్టెంబర్ 10

నాన్న నడుము పట్టేసిందట. ఇవాళ్టి నుంచి ఇంట్లోనే పడుకుంటాడట. ఒక్క మనిషే కదా, చట్టానికి కుటుంబంలో చాలామంది ఉంటే చాలు అన్నాడు. చట్టం తనతో ఫోన్‌లో మాట్లాడినట్టు చెప్పాడు.

సెప్టెంబర్ 15

మ్యాచ్‌ల ముందు గిడియన్‌కి సరైన నిద్ర కావాలట. వాడి మంచం ఇంట్లో ఉందట కదా పాపం. అసలు ఈ క్యాంపర్ ఎవడి కోసం వచ్చిందో వాడే దిండు చంకన పెట్టుకుని రోడ్డు దాటి వెళ్లిపోయాడు. నేను నవ్వితే, నీకేం అక్కా, నువ్వు పొద్దున్న పరుగెత్తాలా అన్నాడు. వాడి కాలికి అడ్డంగా చెప్పు విసిరాను. తగల్లేదు. విసరడం వాడి విద్య, నాది కాదు.

సెప్టెంబర్ 20, శనివారం

నిన్న హాడన్ టర్లీని చితక్కొట్టింది. టచ్‌డౌన్లన్నీ గిడియన్ చేతి మీదుగానే. టర్లీ వైపు స్టాండ్స్ నుంచి ఒక పెద్దాయన, పొద్దున్న మా ఊళ్లో లేస్తాడు, రాత్రికి వాళ్ల తరఫున ఆడతాడు, ఇదేం పద్ధతిరా అని అరిచాడు. అమ్మ వినపడనట్టు నిలబడింది. చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ఊదా గీతల పక్కన బాగా కనపడ్డాయి.

సెప్టెంబర్ 22

అమ్మ కూడా వెళ్లిపోయింది. పొద్దున్నే వాళ్లకి టిఫిన్ చేయాలి, అంత చీకట్లో రోడ్డు దాటలేనంది. వెళ్తూ వెళ్తూ, నువ్విక్కడే ఉండు తిర్జా, లైటు వెలుగుతూ ఉండాలి, ఎవరైనా ఉన్నట్టు కనపడాలి అంది.

అంటే నేను ఇప్పుడు కర్టెన్‌లాంటిదాన్ని.

సెప్టెంబర్ 24

నిజం రాయాలంటే, నాకు బాగుంది. సిగ్గుపడాల్సినంత బాగుంది. పుట్టాక నాకంటూ గది ఉండటం ఇదే మొదటిసారి. కార్పెట్ పీకి బయట పారేశాను, వెనిగర్ పెట్టి గోడలన్నీ కడిగాను. ట్యాంక్ జోలికి మాత్రం పోలేదు, టాయిలెట్ తలుపుకి టేపు అంటించేశాను. తలుపు వేసుకుని గట్టిగా వాదించుకుంటున్నాను, రెండు పక్షాలూ నేనే. ఎక్కువగా పెంట మీద పన్ను వేయాలనే పక్షం గెలుస్తోంది.

అక్టోబర్ 2

టిలరీ మేడమ్ నా పేరు జాబితాలో రాసుకుంటానన్నారు, ఇంట్లో అడిగావా అన్నారు. ఇంట్లో అడిగాను. ఫుట్‌బాల్ సీజన్ అవనీ, అప్పుడు చూద్దాం అంది అమ్మ. ఇప్పుడు ఇంకొకరు కూడా అటు వెళ్తే జనం కళ్లు పడతాయట. నేను ఎవరి కళ్లా పడకుండా ఉండాలి, లైటు మాత్రం కళ్లకి కనపడాలి. ఇదే మా ఇంటి తర్కం.

అక్టోబర్ 7, మంగళవారం, పొద్దున్న 10

మర్చిపోకముందే అంతా రాసేస్తాను.

తెల్లారీ తెల్లారకుండానే క్యాంపర్ తలుపు ఎవరో తట్టారు. దుప్పటి చుట్టుకుని తీశాను. కోటు వేసుకున్న ఒక పెద్దావిడ, చేతిలో థర్మాస్. పేరు మిసెస్ వింగో అంది. బడుల ఆటపాటల సంఘం నుంచి వచ్చిందట, టర్లీ వాళ్లు ఫిర్యాదు చేశారట. లోపలికి రావచ్చా అంది. రమ్మన్నాను. ఆవిడ ఏ తలుపూ తెరవలేదు, ఏ సామానూ కదపలేదు. నాలుగు పడకలకేసి చూసింది. మూడింటి మీద నా పుస్తకాలు, ఒకదాని మీద నా దిండు. మిగతావాళ్లు ఏరమ్మా అంది. ఇంట్లో ఉన్నారన్నాను. ఏ ఇంట్లో అంది. వేలు చూపించాను.

ఇద్దరం కలిసి రోడ్డు దాటాం. వంటింట్లో అమ్మ పొయ్యి దగ్గర ఉంది, నైట్ గౌనులోనే. జుట్టు ఒకవైపు అణిగిపోయి ఉంది. చెంప మీద దిండు ముడత అచ్చు పడి ఉంది, ఎర్రగా, చెవి నుంచి నోటి దాకా. నాన్న బల్ల దగ్గర కాఫీ పట్టుకుని ఉన్నాడు, సాక్సులు లేకుండా. గిడియన్ గది తలుపు వేసి ఉంది.

మిసెస్ వింగో చాలా మర్యాదగా కూర్చుంది. అమ్మ కాఫీ పోసింది. మీ కుటుంబం ఎక్కడ పడుకుంటుందో చెప్తారా అని అడిగిందావిడ, అంతే.

నేను అమ్మ మొహం చూశాను. గోడ మీద ఆ ఫ్రేమ్ సరిగ్గా అమ్మ తల పైన ఉంది. ఇప్పుడు చెప్తుంది అనుకున్నాను. తప్పయిపోయింది, సెప్టెంబర్ నుంచి మేం ఇక్కడే ఉంటున్నాం అంటుంది అనుకున్నాను. ఈవిడ నా ఏడో ఏట ఒక్క చాక్లెట్ గురించి అబద్ధం ఆడినందుకు నన్ను షాపుదాకా నడిపించిన మనిషి.

అమ్మ అంది: మేం క్యాంపర్‌లో పడుకుంటున్నాం.

చెంప మీద ఆ ముడతతో అంది. కాఫీ చెంబు చేతిలో అలాగే పట్టుకుని అంది. నాన్న కప్పులోకి చూస్తున్నాడు, అందులో ఏదో పడినట్టు. ఈవిడేనా నాకు ఒక వాక్యంలో దొంగతనం ఎక్కడుందో పట్టుకోవడం నేర్పింది?

మిసెస్ వింగో నా వైపు తిరిగింది. నువ్వు చెప్పమ్మా అంది.

నేను పడుకుంటున్నాను అన్నాను.

మేం పడుకుంటున్నాం అంటావా అంది ఆవిడ.

నేను పడుకుంటున్నాను అన్నాను మళ్లీ. నా గురించి నేను చెప్పాను. మిగతావాళ్ల గురించి మిగతావాళ్లే చెప్పుకోవాలి.

అప్పుడే గిడియన్ గదిలోంచి గట్టిగా తుమ్మాడు. ఎవరూ చిరంజీవ అనలేదు.

మిసెస్ వింగో కాఫీ మొత్తం తాగింది, కప్పు తీసుకెళ్లి సింక్‌లో పెట్టింది. గుమ్మం దగ్గర ఆగి, మీ అమ్మాయిని బాగా పెంచారు మిసెస్ మాబ్రీ అంది. వెటకారం కాదు. నిజంగానే అంది. అందుకే అమ్మ మొహం అలా అయిపోయింది.

అక్టోబర్ 8

ఎవరూ నాతో మాట్లాడటం లేదు. ఓట్‌మీల్ చల్లగా ఉంది.

అక్టోబర్ 13, సోమవారం

తీర్పు వచ్చింది. గిడియన్ ఈ ఏడాది హాడన్ తరఫున ఆడకూడదు. టర్లీతో గెలిచిన మ్యాచ్ టర్లీకే ఇచ్చేశారు. హస్కిన్స్ ఫోన్ చేశాడు, నాన్న స్పీకర్‌లో పెట్టాడు. అయ్యో, నేను కుటుంబమంతా పడుకోమన్నాను కదండీ, మీరిలా చేస్తారనుకోలేదు అన్నాడు. సార్, మా ఇంట్లో మూడు ముక్కలు పై తిన్నారు కదా అని అరవాలనిపించింది. మళ్లీ రాడు. ఆ గొంతులోనే తెలిసిపోయింది.

గిడియన్ నా గుమ్మంలో నిలబడి, సంతోషమా అన్నాడు. నోరు మూసుకుని ఉంటే నీ సొమ్మేం పోయేది అన్నాడు. నేను నీ గురించి ఒక్క ముక్క కూడా చెప్పలేదన్నాను. అదే కదా చెప్పడం అన్నాడు.

వాడు అంత తెలివైనవాడని నాకు తెలియదు.

అక్టోబర్ 16

టిలరీ మేడమ్ ఫోన్ చేశారు. గొంతు తగ్గించి మాట్లాడారు. మిసెస్ వింగో నా గురించి కూడా రాసిందట. నేను హాడన్‌లోనే పడుకుంటున్నాను, నిజమే. కాని పద్దెనిమిది నిండని పిల్లకి ఒంటరిగా ఇల్లు ఉండదట. నా దిండు పక్కన అమ్మదో నాన్నదో దిండు ఉంటేనే అది ఇల్లట. డిబేట్‌కి కుటుంబమంతా అక్కర్లేదట, నవంబర్ మూడు, సోమవారం నాటికి ఇద్దరిలో ఎవరో ఒకరు నిజంగా అక్కడ ఉంటే నా పేరు పంపుతారట. లేకపోతే ఇక ఈ ఏడాదికి లేదట. నాకు ఈ ఏడాది తర్వాత ఏడాది లేదు.

తిర్జా, మీ అమ్మగారిని ఒక్కసారి అడుగు అన్నారు.

అందరూ నా నోటి మీదే ఆధారపడుతున్నారు. ఆ నోరే కదా ఇంట్లో చేదయింది.

అక్టోబర్ 19, ఆదివారం

ఒకటి గమనించాను. ఆ మంగళవారం నుంచి అన్నం ముందు ప్రార్థన అమ్మ చెప్పడం లేదు. నాన్ననే చెప్పమంటోంది. నాన్నకి అలవాటు లేదు, మొక్కజొన్న రొట్టెకి రెండుసార్లు కృతజ్ఞత చెప్పి బీన్స్‌ని మర్చిపోతున్నాడు. అమ్మ కళ్లు మూసుకోవడం లేదు, తలుపుకేసి చూస్తోంది.

అక్టోబర్ 24, శుక్రవారం

అడిగాను. బంగాళదుంపలు తొక్క తీస్తోంది. ఎదురుగా కూర్చుని నేనూ కత్తి తీసుకున్నాను. టిలరీ మేడమ్ చెప్పినదంతా చెప్పాను. వణుకు లేకుండా చెప్పాను, ప్రాక్టీస్ చేశాను కాబట్టి.

ఆగస్టులో వాడి చేయి కోసం దిండు మోసుకుని రోడ్డు దాటావు, నా నోటి కోసం దాటవా అన్నాను.

అమ్మ తొక్క తీస్తూనే ఉంది. దుంప మొత్తం తొక్కతోపాటే పోయేలా ఉంది. పిండి అయిపోయింది, రేపు తేవాలి అంది.

ఇక అడగను. నాకూ ఉంది పొగరు.

అక్టోబర్ 25

నాన్న క్యాంపర్ అమ్మేస్తాడట. చర్చిలో ఎవరో ఫించర్ గారు కావాలన్నారట, వచ్చే శనివారం చూడ్డానికి వస్తారట. ఇక దాంతో పనేముంది అన్నాడు నాన్న నా ఎదురుగానే. నేనక్కడే పడుకుంటున్నాను నాన్నా అన్నాను. అదేనమ్మా, ఇక ఇంట్లోకి వచ్చెయ్, చలి కూడా మొదలైంది అన్నాడు ఎంతో ప్రేమగా. తిట్టినా బాగుండేది.

అక్టోబర్ 29

గిడియన్ టర్లీ జట్టులో చేరాడు. మొత్తానికి ఎవడి ఊరి బడి వాడికి దొరికింది. టర్లీ వాళ్లు మొదటి రోజు వాణ్ణి బంగ్లా అని పిలిచారట. రెండో రోజు కూడా. ఇవాళ వచ్చి క్యాంపర్‌లో నా పక్కన కూర్చుని, అక్కా, ఆ హాడన్ వాళ్లు నాతో ఆట గురించి తప్ప ఇంకేం మాట్లాడేవాళ్లు కాదు తెలుసా అన్నాడు. వీళ్లు వెక్కిరిస్తారు కాని మాట్లాడతారు అన్నాడు. అసలు నన్ను ఏ బడి కావాలని ఎవరైనా అడిగారా అన్నాడు.

లేదురా, అడగలేదు. నన్నూ అడగలేదు.

నా హీటర్ ముందు కాళ్లు చాపాడు. సాక్సులు నాన్నవే, వాడు ఎత్తుకొచ్చినట్టున్నాడు. కిటికీ తెరిచాను.

నవంబర్ 1, శనివారం, మధ్యాహ్నం

ఫించర్ గారు వచ్చారు. నేను లోపలే కూర్చున్నాను, కదలలేదు. నాన్న నవ్వుతూ, మా అమ్మాయికి ఇదంటే ప్రాణం అన్నాడు. ఆయన పొయ్యి వెలిగించి చూశారు, కిటికీలు తీసి వేశారు, టైర్లు తన్నారు. కర్టెన్లు బాగున్నాయన్నారు. ఇక అయిపోయిందనుకున్నాను. పుస్తకాలు ఏ పెట్టెలో పెట్టాలా అని ఆలోచిస్తున్నాను.

అప్పుడు ఆయన టాయిలెట్ తలుపుకి అంటించిన టేపు చూశారు. ఇదేమిటి అంటూ పీకి, మూత ఎత్తారు.

ఆగస్టు నుంచి ఎవరి వంతో తేలని ట్యాంక్. నాన్న వంతు, గిడియన్ వంతు, ముగ్గురు మనుషులు, అమ్మ బీన్స్, రెండు నెలల ఎండ. ఫించర్ గారు చేత్తో నోరు మూసుకుని బయటికి వెళ్లారు, చేను దాకా వెళ్లారు, అక్కడ వంగారు. నేను కూడా పరుగెత్తాను. నాన్న కూడా. ముగ్గురం దూరంగా నిలబడి ఊపిరి పీల్చుకున్నాం.

మేం ఆలోచించుకుని చెప్తామండీ అన్నారు ఫించర్ గారు. ట్రక్కు ఎక్కేదాకా ముక్కు మీద చేయి తీయలేదు.

నా జీవితంలో ఇంత అసహ్యకరమైన వాసన చూడలేదు. ఇంత హాయిగానూ ఎప్పుడూ నవ్వలేదు. రోడ్డుకి అవతల అమ్మ గుమ్మంలో నిలబడి అంతా చూసింది.

కాని నవ్వుకుంటే సరిపోదు. ఎల్లుండే సోమవారం. క్యాంపర్ ఉంది, నా దిండు ఉంది, ఒకటే ఉంది.

నవంబర్ 2, ఆదివారం, సాయంత్రం 4

చర్చి నుంచి రాగానే అమ్మ బట్టలు మార్చుకుంది. నాన్న బూట్లు తన కాళ్లకి వేసుకుని, మోచేతుల దాకా రబ్బరు గ్లవుజులు తొడుక్కుని, ముక్కుకి గుడ్డ కట్టుకుని రోడ్డు దాటి వచ్చింది. నాన్నని ట్రక్కు పెట్టమంది, క్యాంపర్ తగిలించమంది. ట్యాంక్ ఖాళీ చేసే చోటికి ఇద్దరూ లాక్కెళ్లారు. తిరిగొచ్చాక గొట్టం పెట్టి తనే కడిగింది, బ్లీచ్ పోసి మళ్లీ కడిగింది. గిడియన్ సాయానికి వస్తే, పో అవతలికి, నీ చేయి జాగ్రత్త అంది. అలవాటు కొద్దీ అంది, వెంటనే నాలుక కరుచుకుంది.

అమ్మ, మన పేరుతో ఇలాంటి కంపు ఇంకొకరి ఇంటికి పోకూడదు అని నాన్నతో అనడం వినపడింది.

అంటే అమ్మకానికి శుభ్రం చేస్తోంది. ఫించర్ గారిని మళ్లీ పిలుస్తారు. ఛీ. పరువు కోసం అయితే ఎంత పెంటలోకైనా చేయి పెడుతుంది.

పుస్తకాలు పెట్టెలో సర్దేశాను.

నవంబర్ 2, రాత్రి 8

అమ్మ వచ్చింది. చంకలో దిండు. ఇంకా బ్లీచ్ వాసన పోలేదు.

మిసెస్ వింగోతో అన్నాను కదా, మేం క్యాంపర్‌లో పడుకుంటున్నామని అంది.

పెట్టెకేసి చూసింది. కాలితో పక్కకి తోసింది.

జరుగు అంది.

జరిగాను.